ఎర్రలైటు దగ్గర మన సైకిలు

పోయిన పక్షం మా దగ్గరికి ఒక అక్క వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఎఫ్.ఐ.ఆర్. కాగితం. ఆమె భర్త మున్సిపాలిటీలో కాంట్రాక్టు మీద రోడ్లు ఊడ్చేవాడు. తెల్లారుజామున సైకిలు మీద డ్యూటీకి పోతుంటే టౌను నడిబొడ్డున నాలుగు రోడ్ల కూడలిలో కారు గుద్దింది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. కాగితంలో ఏం రాశారో చదివి చెప్పమంది. చదివాం. సైకిలు మనిషి రెడ్ సిగ్నల్ ఖాతరు చేయకుండా అడ్డం వచ్చాడని రాసి ఉంది.

ఫిర్యాదు రాసిచ్చింది కారు తాలూకు మనుషులు. వీళ్ళు ఆస్పత్రి దగ్గర ఏడుస్తుంటే వాళ్ళు స్టేషనుకు పోయారు. ఆ వేళప్పుడు ఆ కూడలిలో ఎర్రలైటే వెలగదని అక్క చెప్పింది. రాత్రి పొద్దుపోయిన కాడి నుంచి తెల్లారేదాకా అక్కడ పసుపు లైటే కొట్టుకుంటా ఉంటుంది. పసుపు లైటు కొట్టుకుంటుంటే అన్ని వైపుల వాళ్ళూ నిదానించి, చూసుకుని దాటాలి. కారుకూ అదే, సైకిలుకూ అదే. "ఆ కూడలి పదేళ్ళు ఊడ్చాడండీ ఆయన. అక్కడ ఏ లైటు ఎప్పుడు వెలుగుద్దో ఆయనకు తెలవదా?" అని అడిగింది. ఇది కోర్టులో అడగాల్సిన ప్రశ్న. అడిగించే పని మన మీద ఉంది.

ఎందుకంటే, రేపు పరిహారం కేసులో బీమా కంపెనీ వకీలు ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుంటాడు. తప్పులో సగం చచ్చిపోయినవాడిదే అంటాడు. సగం తప్పంటే సగం డబ్బు కోత. ముగ్గురు పిల్లల చదువు ఆ వాక్యం మీద ఆధారపడి ఉంది.

భూమి, కూలి, రిజర్వేషను, అట్రాసిటీ కేసులు ఇన్ని ఉండగా సంపాదకీయంలో సైకిలు గొడవేంటని కొందరు మిత్రులు అడగొచ్చు. తెల్లారుజామున ఏ టౌను పొలిమేరలోనైనా నిలబడి చూడండి. ఊడ్చేవాళ్ళు, పేపరు పిల్లలు, పాల క్యాన్ల వాళ్ళు, అడ్డా మీద నిలబడబోయే మేస్త్రీలు, బేల్దారి కూలీలు, రాత్రంతా కాపలా కాసి ఇళ్ళకొచ్చే వాచ్‌మెన్లు. పేటల్లోంచి, గూడేల్లోంచి, బస్తీల్లోంచి వచ్చే సైకిళ్ళు అవి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి 45 ఇళ్ళలో సైకిలు ఉందని తేలింది. సేద్యం, ఇంటి పరిశ్రమ కాకుండా వేరే పనులకు పోయేవాళ్ళలో నూటికి 13 మంది సైకిలు మీదే పోతున్నారని ఆ లెక్కలే చెప్పాయి. వాళ్ళ కాళ్ళ మీద ఊళ్ళు నడుస్తున్నాయి. వాళ్ళకు కూడలిలో ఏం హక్కుందో, ఏం బాధ్యత ఉందో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే మేం చెబుతున్నాం.

చట్టంలో సైకిలు ఎక్కడుంది?

సిగ్నల్ లైటుకు లోబడాలని చెప్పేది 1988 మోటారు వాహనాల చట్టం, 119వ సెక్షను. అందులో మాట "మోటారు వాహనం నడిపే ప్రతి డ్రైవరూ" అని. మోటారు వాహనమంటే యంత్రబలంతో నడిచేదని అదే చట్టం రెండో సెక్షనులో ఉంది. మన సైకిలును నడిపేది మన పిక్కల బలం. కాబట్టి ఆ సెక్షను సైకిలును పట్టదు. ఎర్రలైటు దాటిన మోటారు బండికి 2019 సవరణ తర్వాత 184వ సెక్షను కింద వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, జైలు కూడా ఉండొచ్చు. ఆ జరిమానా సైకిలుకు లేదు. సైకిలుకు లైసెన్సు లేదు, ఆర్.సి. లేదు, బీమా లేదు. నంబరు ప్లేటు లేదు గనక కూడలిలో పెట్టిన కెమెరా ఇంటికి చలాను పంపలేదు. ఆ కెమెరా కంటికి మనం ఆనం.

అట్లాగని సైకిలు మీద ఏ చట్టమూ చెయ్యి వేయదనుకుంటే పొరపాటు. పాత శిక్షాస్మృతిలో 279, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 281. ఇతరుల ప్రాణానికి ముప్పు వచ్చేట్టు నిర్లక్ష్యంగా ఏ వాహనం నడిపినా ఆరు నెలల దాకా జైలు, వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ. అందులో మోటారు అన్న మాట లేదు. సైకిలు కూడా అందులోకి వస్తుంది. మన సైకిలు తగిలి ముసలాయన పడి చనిపోతే 106వ సెక్షను ఉంది, ఐదేళ్ళ దాకా శిక్ష. పైగా పెద్ద నగరాల్లో పోలీసు చట్టాలు వేరే ఉన్నాయి. హైదరాబాద్ లో 1348 ఫసలీ నాటి నగర పోలీసు చట్టం కమిషనరుకు ట్రాఫిక్ మీద నిబంధనలు పెట్టే అధికారం ఇచ్చింది. కూడలిలో నిలబడ్డ కానిస్టేబులు చెయ్యెత్తి ఆగమంటే సైకిలైనా ఆగాల్సిందే.

కాబట్టి "సైకిలుకు సిగ్నల్ లేదు" అని కుర్రాళ్ళు అనే మాట సగమే నిజం. చలాను లేకపోవడం వేరు, బాధ్యత లేకపోవడం వేరు.

ఇంకో సంగతి. మోటారు బండ్లు నడిపేవాళ్ళ కోసం 2017లో కేంద్రం డ్రైవింగ్ నిబంధనలు తెచ్చింది. నడిచేవాళ్ళు, సైకిలు తొక్కేవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు, వికలాంగుల విషయంలో డ్రైవర్లు ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలని అందులో రాశారు. ఈ మాట ఏ కూడలిలోనైనా బోర్డు మీద రాసి పెట్టగా చూశారా? హెల్మెట్ బోర్డులున్నాయి, సీటు బెల్టు బోర్డులున్నాయి. ఈ బోర్డు మాత్రం మాకు ఎక్కడా కనపళ్ళేదు.

మరి కానిస్టేబుళ్ళు చేసేదేంటి? చలాను రాయడానికి సెక్షను దొరకదు గనక సైకిలు టైరులో గాలి తీస్తారు. వాల్వు ట్యూబు పీకి జేబులో వేసుకుంటారు. లాఠీతో వెనక చక్రం మీద కొడతారు. "ఏరా" అంటారు. కారాయనతో మాత్రం "సార్, పేపర్లు చూపించండి" అంటారు. గాలి తీయడమనే శిక్ష ఏ చట్టంలోనూ లేదు. అది ఊళ్ళో దొర చేసే పని, యూనిఫాం వేసుకుని చేసినా అంతే.

దిగి నడవమన్న ఊరు

రోడ్డు మీద మనకు చోటు లేదనడం ఇవ్వాళ పుట్టింది కాదు. ఊళ్ళల్లో పెద్ద వీధి వచ్చిందంటే సైకిలు దిగి, చెప్పులు చేత పట్టుకుని నడిచిన తాతలు మన ఇళ్ళల్లో ఉన్నారు. టౌనుకొస్తే సైకిలు బిళ్ళ ఏదిరా, దీపం ఏదిరా, డబుల్స్ ఎందుకెక్కావురా అని పట్టుకునేవాళ్ళు. దీపంలో కిరసనాయిలు పోయించుకోవడానికి చేతిలో పైసా లేనివాడు కూడా జరిమానా కట్టేవాడు.

రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు చదవండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లనూ అక్కడ పేరు పెట్టి రాశారు. కులం పేరు చెప్పి రోడ్డు మీద ఎవరినీ ఆపకూడదని 1950 నుంచీ రాసి ఉంది. అయినా సైకిలెక్కి పోతున్న దళితుణ్ణి అడ్డుకోవడం నేరమని సైకిలు పేరు పెట్టి రాయడానికి 2016 జనవరి 26 దాకా పట్టింది. 1989 అట్రాసిటీ నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఆ రోజు అమల్లోకి వచ్చింది. 3(1) సెక్షను, జెడ్-ఎ క్లాజులో సైకిలు, మోటారు సైకిలు, చెప్పులు, కొత్త బట్టలు, పెళ్ళి ఊరేగింపు అన్నీ ఉన్నాయి. ఎన్ని ఊళ్ళల్లో ఎంతమందిని దింపితే ఆ క్లాజు రాయాల్సి వచ్చిందో ఆలోచించండి.

ఊళ్ళో దింపింది కులం పేరు మీద. నగరంలో దింపేది ట్రాఫిక్ పేరు మీద. రెండూ ఒకటే అని మేం అనడం లేదు. కానీ దిగేవాళ్ళు చాలావరకు ఒకే మనుషులు. కలకత్తా సంగతి చూడండి. 2013లో అక్కడి పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్ళను నిషేధించారు. పాలవాళ్ళు, పేపర్లవాళ్ళు, ఇంటింటికీ సరుకు చేర్చేవాళ్ళు జరిమానాలు కట్టీ కట్టీ రోడ్డెక్కి పోరాడారు. తర్వాత కొన్ని రోడ్ల మీద సడలించారు. ఇటు హైదరాబాద్ లో 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు, పైన సోలార్ పలకల నీడతో. ఒంటికి వ్యాయామం కోసం తొక్కేవాళ్ళకు నీడ. తొక్కడానికి అదొక్కటే బండిగా ఉన్నవాళ్ళకు కూడలిలో అడుగు చోటు లేదు. ఆ దారి వేయొద్దని మేం అనం. వేయడం చేతనవుతుందని అది రుజువు చేసింది, అదే మాకు కావాల్సింది.

కూడలిలో ఏం జరుగుతుంది

సిగ్నల్ టైము మోటారు బండి వేగాన్ని చూసి పెట్టేది. 30 మీటర్ల వెడల్పు కూడలి అనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల మీద పోయే బండి నాలుగు సెకన్లలోపే దాటేస్తుంది. వెనక సిమెంటు బస్తానో, పాల క్యాన్లో కట్టుకుని గంటకు పది కిలోమీటర్ల మీద తొక్కే మనిషికి పదకొండు సెకన్లు కావాలి. పసుపు లైటు ఉండేది మామూలుగా మూడు సెకన్లు. పచ్చలైటులోనే బయలుదేరినవాడు కూడలి మధ్యలో ఉండగానే అడ్డం వైపు బండ్లు వదులుతారు. అప్పుడు చూసినవాడు ఎవరైనా ఏమంటాడు? సైకిలోడు రెడ్‌లో వచ్చాడంటాడు. ఎఫ్.ఐ.ఆర్.లో ఆ వాక్యం ఇట్లా కూడా పుడుతుంది.

రెండోది ఫ్రీ లెఫ్ట్. మనం ఎడమ అంచున తిన్నగా పోవాలి. ఎడమకు తిరిగే బస్సు, లారీ మన కుడి పక్క నుంచి వచ్చి మన ముందే మలుపు తీసుకుంటుంది. ఎడమ పక్క చక్రాల దగ్గరున్న సైకిలు డ్రైవరు అద్దంలో కనపడదు. 

మూడోది యూ-టర్న్. హైదరాబాద్ లో చాలా కూడళ్ళు మూసి యూ-టర్నులు పెట్టారు. కారుకు అర నిమిషం తేడా. సైకిలు మనిషి అటు అరకిలోమీటరు, ఇటు అరకిలోమీటరు తొక్కాలి, అదీ ఎదురెండలో. అందుకని రాంగ్ సైడు పోతాడు. చచ్చిపోతే రాంగ్ సైడు పోయాడంటారు. ఆ దారి గీసిన ఇంజనీరు పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

2022లో దేశం మొత్తం మీద రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 32,825 మంది కాలినడకన పోయేవాళ్ళు. వేల మంది సైకిలు తొక్కేవాళ్ళు. ఇనుప డొక్కు చుట్టూ లేనివాళ్ళే వీళ్ళంతా. 2006లో జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు చోటును బండ్లకు కాదు, మనుషులకు పంచాలన్నది. కూడలికి వచ్చేసరికి పంపకం బండ్లకే జరుగుతున్నది.

అయినా ఆగుదాం

ఇంత అన్యాయం ఉన్నప్పుడు ఆ లైటును మనమెందుకు లెక్కచేయాలని కుర్రాళ్ళు అడుగుతారు. కోపం న్యాయమైందే. కానీ మా మాట: ఎర్రలైటు దగ్గర ఆగండి. కానిస్టేబులుకు భయపడి కాదు. గుద్దితే పోయేది మన ప్రాణం, కారుకు పోయేది రంగు. అంతకంటే ముఖ్యం, జీబ్రా గీతల మీద మనకంటే బలహీనులు నడుస్తుంటారు. కారు మనల్ని చూడనట్టు మనం వాళ్ళను చూడకపోతే మనకూ వాళ్ళకూ తేడా ఏంటి? మూడోది, మన వైపు తప్పు లేదని రుజువైతే ఏ బీమా వకీలూ పైసా కోయించలేడు.

అందుకని సంఘాలు పేటల్లో కూర్చోబెట్టి ఈ సంగతులు చెప్పాలి.

ఆగే గీతకు ఇవతలే, డ్రైవర్లకు కనపడేట్టు ఆగాలి. లారీ, బస్సు ఎడమ పక్కకు దూరి నిలబడొద్దు. కుడికి తిరగాలంటే నడిరోడ్డులోకి పోవాల్సిన పని లేదు. తిన్నగా దాటి, అవతల ఎడమ మూలన ఆగి, సైకిలు మళ్ళించుకుని, అటు పచ్చలైటు వచ్చాక పోవచ్చు. లేదా దిగి జీబ్రా మీద నడిపించుకుంటూ పోవచ్చు. ఇది తలొంచి దిగడం కాదు, ప్రాణం కోసం మనంతట మనం దిగడం. పచ్చలైటు అయిపోవస్తుంటే బరువుతో ఉన్నవాళ్ళు బయలుదేరొద్దు. వెనక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టరు, రాత్రికి లైటు పెట్టించుకోవాలి.

కానిస్టేబులు జరిమానా అడిగితే ఏ చట్టం, ఏ సెక్షను అని మర్యాదగా అడగండి. రసీదు అడగండి. గాలి తీస్తే టైము, కూడలి పేరు, యూనిఫాం మీది పేరు రాసుకుని సంఘానికి చెప్పండి. కులం పేరుతో తిడితే అది ట్రాఫిక్ గొడవ కాదు, అట్రాసిటీ కేసు.

ప్రమాదం జరిగితే ముందు ఆస్పత్రి. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం ప్రకారం మోటారు బండి గుద్దినవాళ్ళకు ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల దాకా డబ్బు కట్టకుండా వైద్యం చేయాలి. అడగండి. అదే సమయంలో ఇంకొకరు స్టేషనుకు పోవాలి. అవతలివాళ్ళ కంటే ముందు పోవాలి. ఫిర్యాదు మన మాటల్లో రాయించాలి. ఏ లైటు వెలుగుతుందో, అప్పటికి టైమెంతో, బండి ఎటు నుంచి వచ్చిందో అందులో ఉండాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. స్టేషనులో తీసుకోకపోతే ఎస్.పి.కి పోస్టులో పంపొచ్చు. కూడలి కెమెరా రికార్డు కొద్ది రోజులకే చెరిగిపోతుంది. దాన్ని భద్రపరచమని మర్నాడే రాసివ్వాలి. దగ్గర్లోని టీ కొట్టువాడు, పేపరు పిల్లవాడు సాక్షులు.

పోలీసులు మూడు నెలల్లో ప్రమాద సమాచార నివేదికను పరిహార ట్రిబ్యునల్ కు పంపాలి. మన వైపు నుంచి 166వ సెక్షను కింద ఆరు నెలల్లో దరఖాస్తు పెట్టాలి. ఆ గడువు మీద సుప్రీంకోర్టు దాకా వాదనలు పోయాయి, వాటిని నమ్ముకుని ఆలస్యం చేయొద్దు. తప్పు ఎవరిదో తేల్చడం కష్టమనిపిస్తే దానికి బదులు 164వ సెక్షను ఉంది. తప్పు రుజువు చేయకుండానే చావుకు ఐదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. రెండింట్లో ఏది మేలో వకీలుతో మాట్లాడుకోండి. గుద్దిన బండి దొరక్కపోతే చావుకు రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు. దాని దరఖాస్తుకు ఆర్.డి.ఓ. ఆఫీసులో గానీ తహసీల్దారు దగ్గర గానీ అడగాలి.

సైకిలు మనిషిదీ తప్పుందని వాళ్ళంటే, రుజువు చేయాల్సింది వాళ్ళే. ముగ్గురెక్కిన మోటారు సైకిలు కేసులో 2020లో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. నిబంధన తప్పినంత మాత్రాన పరిహారం కోయకూడదు, ఆ తప్పు వల్లనే ప్రమాదం జరిగిందని చూపాలి అని. మన వకీళ్ళు ఈ మాటను సైకిలు కేసుల్లోనూ వాడాలి.

ఇప్పుడు అడగాల్సింది

2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 138(1ఎ) అని కొత్తగా చేరింది. యంత్రం లేని బండ్లు, నడిచేవాళ్ళు రోడ్డు మీదికి రావడం గురించి రాష్ట్ర ప్రభుత్వాలు నిబంధనలు రాయొచ్చని. ఆరు నెలల్లో ఆ నిబంధనలు రాయమని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. మంచిదే. కానీ ఆ సెక్షను రెండు వైపులా పదునున్న కత్తి. అదే కాగితం మీద సైకిలుకు చోటు ఇవ్వొచ్చు, కలకత్తాలో లాగా సైకిలును వెళ్ళగొట్టనూ వచ్చు. ఆ కాగితం రాసేటప్పుడు గదిలో ఎవరు కూర్చుంటారన్నదే అసలు సంగతి. కార్లలో వచ్చినవాళ్ళే కూర్చుంటే ఏం రాస్తారో మనకు తెలుసు.

కాబట్టి ఆంధ్రలో, తెలంగాణలో ప్రతి సంఘమూ కలెక్టరుకు, రవాణా శాఖకు వినతిపత్రం ఇవ్వాలి. నిబంధనలు తెలుగులో ఊరూరా పెట్టాలి. ఊడ్చేవాళ్ళ, కూలీల, వాచ్‌మెన్ల సంఘాలను పిలిచి అడగాలి. కూడళ్ళలో ఆగే గీతకు ముందు సైకిళ్ళకు చోటు గీయాలి. బరువుతో పోయే సైకిలు దాటేంత టైము సిగ్నల్ లో ఉండాలి. కూడలి మూసినచోట కాలినడకకూ సైకిలుకూ దగ్గర్లో దాటే దారి వదలాలి. గాలి తీసే కానిస్టేబులు మీద చర్య ఉండాలి. సైకిలును ఏ రోడ్డు మీదా నిషేధించకూడదు.

ఆ అక్క కాగితాలు మా దగ్గరే ఉన్నాయి. సిగ్నల్ ఏ టైములో ఎట్లా పనిచేస్తుందో రాసివ్వమని సమాచార హక్కు కింద దరఖాస్తు రాశాం. ఆ కూడలిలో ఆ వేళకు తిరిగే పాలవాళ్ళూ, పేపరు పిల్లలూ సాక్ష్యం చెప్పడానికి ముందుకు రావాలి. వచ్చే పక్షం లోపు మీ ఊరి కూడలిలో తెల్లారుజామున ఒక గంట నిలబడి, ఏ లైటు ఎంతసేపు వెలుగుతుందో, ఎన్ని సైకిళ్ళు దాటుతున్నాయో రాసి మాకు పంపండి. ఎవడో రాసిన ఒక్క అబద్ధపు వాక్యానికి మన చేత్తో రాసిన వంద కాగితాలు జవాబు చెప్పాలి.